విప్పొద్దని చెప్పిన కట్టు

ఈ కాగితాలు చదవబోయే ముందు ఒక పని చెయ్యండి. కుడిచేతి చొక్కా మోచెయ్యి దాకా మడిచి, అరచెయ్యి పైకి ఉండేలా ముంజేతిని బల్ల మీద పెట్టండి. ఇప్పుడు మెల్లగా పిడికిలి బిగించండి. మోచేతికి కాస్త కింద, లోపలివైపు, చర్మం అడుగున ఏదో ఉబ్బి కదిలింది కదా? అవే వేళ్లను మడిచే కండరాలు. అవి వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి సన్నని తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లను తమవైపు లాక్కుంటాయి. అన్నం ముద్ద కలపడం, కలం పట్టడం, బిందె ఎత్తడం అన్నీ వాటి చలవే.

ముప్పైనాలుగేళ్లు ప్లాస్టరు గదిలో పనిచేశాను. ఇప్పటికీ ఎవరి ముంజేతి మీదైనా తెల్లకట్టు కనిపిస్తే, పెళ్లిపందిట్లో అయినా బస్సులో అయినా, ముందు వాళ్ల వేళ్ల వైపే చూస్తాను. రంగు ఎలా ఉంది, కదులుతున్నాయా లేదా అని. మా ఆవిడకు ఇది మహా చిరాకు. "మనిషిని పలకరించకుండా ఆ వేళ్లకేసి చూస్తారేమిటండీ, గాజులు అమ్మేవాడిలాగా!" అంటుంది. అలవాటని ఆమె అనుకుంటోంది. అలవాటు కాదు, భయం.

కొత్తగా ఈ పనిలో చేరిన కుర్రాళ్లు ఎప్పుడైనా మా ఇంటికొస్తే బదిలీల గురించీ ప్రమోషన్ల గురించీ అడుగుతారు. అవి నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు. గుర్తున్నది ఒక్క చెయ్యి. దాని గురించే రాస్తున్నాను.

మా గది, మా పెద్దడాక్టరు

అరవైల చివర్లో బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో డ్రెస్సరుగా చేరాను. ఏ ఆసుపత్రో చెప్పను. తప్పు ఆ గోడలది కాదు. పుళ్లు కడగడం, కట్లు కట్టడం, ప్లాస్టరు వెయ్యడం నా పని. గుడ్డ చుట్టలకు ప్లాస్టరు పొడి మేమే రుద్ది పట్టించి డబ్బాల్లో దాచుకునేవాళ్లం. ఊళ్లవాళ్లకు ఈ హోదాల తేడాలు తెలియవు కాబట్టి నన్నూ కాంపౌండరు బాబూ అనే పిలిచేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

ఆసుపత్రికంతటికీ ఒక్కరే డాక్టరు. మేమంతా పెద్దడాక్టరుగారు అనేవాళ్లం. ఎక్స్‌రే కావాలంటే విజయనగరం పోవాలి. ఆయన మాత్రం కళ్లు మూసుకుని చేతులతో తడిమి ఎముకలు కూర్చేవారు. మనిషి మంచివారు, నోరు మంచిది కాదు. రోగి ముందే నన్ను "ఒరే మొద్దూ" అనేవారు. పై ఉద్యోగులు తిడితే మనసులో పెట్టుకోకండి అని నేనెవరికీ సలహా ఇవ్వను. తిట్టు మనిషి మీద పనిచేస్తుంది. నా మీద ఎలా పనిచేసిందో చూడండి.

మా చుట్టుపక్కల ఊళ్లలో ఎముక విరిగితే జనం ముందు అప్పన్న దగ్గరకు పోయేవారు. నాటుకట్లు కట్టే ముసలాయన. నల్లేరు నూరి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో చుట్టేవాడు. మా దగ్గరకు వచ్చి ప్లాస్టరు వేయించుకున్నవాళ్లు కూడా నాలుగు రోజులు కాగానే దాన్ని కొడవలితో కోసేసి అప్పన్న దగ్గరకు పోయేవారు. ఒక రైతు కాలిప్లాస్టరు చెరువులో నానబెట్టి ఒలుచుకున్నాడు. కాలు వంకరగా అతుక్కుని, రెండు నెలలకు మా గుమ్మంలోకే వచ్చాడు. పెద్దడాక్టరుగారు అతన్ని ఏమీ అనలేదు. నా మీద పడ్డారు.

"నువ్వు చెప్పే మాటలో భయం లేదయ్యా నారాయణా! భయం పెట్టడం చేతకానివాడు కట్టు కట్టకూడదు."

ఆ తిట్టు గుచ్చుకుంది. ఆ రోజు నుంచీ ప్లాస్టరు ఆరుతుండగా చెప్పడానికి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. "నాలుగు వారాలు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నొప్పి అంటారు, దురద అంటారు, బిగిసింది అంటారు. వినొద్దు. విప్పారా, చెయ్యి తీసెయ్యాల్సిందే." చివరి మాట దగ్గర ప్లాస్టరు కత్తెర తీసి బల్ల మీద ఠంగుమని పెట్టేవాణ్ణి. ముసలమ్మలు గుండెల మీద చెయ్యేసుకునేవారు. కట్లు కొయ్యడం ఆగిపోయింది. పెద్దడాక్టరుగారు కూడా ఒకసారి నవ్వి, "హరికథ బాగుందోయ్" అన్నారు. ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మెప్పు అదే. దానికోసం ఏమైనా చేసేలా ఉన్నాను ఆ రోజుల్లో.

పనస దుంగ

సింహాచలం వీణలు చెక్కేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఒకే పనస దుంగను తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా వీణ తీసే పనివాడు. ఎండాకాలంలో ఒకరోజు ఉదయం బండి మీంచి దుంగ దింపుతుంటే అది జారి కుడి ముంజేతి మీద పడింది. రెండెముకలూ విరిగాయి. మా దగ్గరకు తెచ్చేసరికి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉబ్బిపోయి ఉంది. భార్య పైడమ్మ బండిలో అతని తల ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"ఉళి పట్టే సెయ్యి బాబూ. ఇది నేకపోతే మాకు మరేటీ నేదు," అంది.

పెద్దడాక్టరుగారు ఎముకలు కూర్చారు. అరచేతి నుంచి భుజం కింద దాకా నేను ప్లాస్టరు చుట్టాను. ఆయనకు ఆ మధ్యాహ్నమే గజపతినగరంలో మూడు రోజుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరం. జీపు బయట మోగుతోంది. చేతులు కడుక్కుంటూ, "వాపు బాగా ఉంది. ఆరగానే పొడుగూతా చీల్చి వదులు చెయ్. మర్చిపోకు," అన్నారు.

నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత కాలం ఈ బాధ ఉండేది కాదేమో. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ చీల్చిన ప్లాస్టరంటే నాకు గిట్టేది కాదు. గంటు పెట్టిన చోట జనం వేలు దూర్చి ఒలుచుకుంటారు. అదీగాక నున్నగా, తెల్లగా, ఎక్కడా ముడత లేకుండా అంత బాగా కుదిరిన కట్టు అంతకుముందు నేను కట్టలేదు. దాన్ని కోయబుద్ధి కాలేదు. కత్తెర బల్ల మీద ఠంగుమని పెట్టి, ఉపన్యాసం మొదలుపెట్టాను. పైడమ్మ ప్రతి మాటకీ తలూపింది.

శిబిరం నుంచి ఆపరేషనయినవాళ్లను తెచ్చి పడుకోబెడతారని మంచాలన్నీ ఖాళీ ఉంచమన్నారు. అందుకని సింహాచలాన్ని అదే బండిలో ఇంటికి పంపేశాం. ఆరు మైళ్లు.

ఆమె చెప్పిన మాటలు

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ ఆ ఆరు మైళ్లూ ఎండలో నడిచొచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"తెల్లార్లూ గింజుకున్నాడు బాబూ. సెయ్యి పేలిపోతన్నాదంటన్నాడు. ఏళ్లు ముట్టుకుంటే సల్లగా ఉన్నాయి."

నేను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "కట్టు ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేదు బాబూ! మీరు సెప్పినారు కదా. అప్పన్న తాత వొచ్చి సూసినాడు. ఓ ఏలు పట్టుకుని సాపినాడు. మా మావ ఒకటే అరుపు. ఎంటనే ఒలిసెయ్యండి, కండ సచ్చిపోతాదన్నాడు తాత. నాను ఒప్పుకోనేదు. నోటికొచ్చినట్టు తిట్టి ఎల్లగొట్టినాను."

సంతోషంతో నా ఛాతీ పొంగింది. అప్పన్నను ఒక మనిషి తిట్టి పంపేసిందంటే నా హరికథ ఫలించినట్టే కదా. "మంచి పని చేశావు. ఎముక విరిగితే నొప్పి ఉండదా? ఓర్చుకోవాలి," అని నొప్పికి ఆరు ఏపీసీ బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె దండం పెట్టి వెళ్లింది.

కొత్తవాళ్లారా, ఇక్కడ ఆగండి. ముసలి అప్పన్న ఏం చేశాడో చూడండి. వేలు పట్టుకుని చాపాడు. ముంజేతిలో ఆ మడిచే కండరాలు గట్టి పొర సంచిలో కూరి ఉంటాయి. లోపల వాపు, పైన గట్టి కట్టు. ఎటూ చోటు లేదు. నెత్తురు లోపలికి పోదు. ఊపిరాడని కండను వేలు చాపి లాగితే రోగి ప్రాణం పోయినట్టు అరుస్తాడు. ఆ అరుపే మనకు హెచ్చరిక గంట. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూనే ఉండొచ్చు, దాన్ని నమ్మకండి. విరిగిన ఎముక నొప్పి కట్టు కట్టాక తగ్గుతూ పోవాలి. పెరుగుతోందంటే అది ఎముక నొప్పి కాదు. అక్షరం ముక్క రాని ముసలాయనకు ఇది తెలుసు. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

మూడోరోజు ఉదయం పైడమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ముఖం వెలిగిపోతోంది. తాటాకు బుట్టలో ముంజెలు తెచ్చింది.

"తగ్గిపోనాది బాబూ! రాత్రి నుంచీ నొప్పే నేదు. సెయ్యే నేనట్టుందంటన్నాడు. కంటినిండా తొంగున్నాడు."

ఆ ముంజెలు నేను తిన్నాను. తియ్యగా ఉన్నాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. నొప్పి తగ్గడం అంత భయంకరమైన విషయం కాగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆరు మైళ్లు

నాలుగోరోజు పొద్దున్న పెద్దడాక్టరుగారు తిరిగొచ్చారు. కాఫీ తాగుతూ వార్డు సంగతులు అడుగుతున్నారు. నేను గొప్పగా చెప్పాను: "వీణల సింహాచలానికి మొదటి రెండు రోజులూ నొప్పి విపరీతంగా ఉండేదండి. మొన్న రాత్రి నుంచి పూర్తిగా పోయిందట."

ఆయన గ్లాసు కిందపెట్టారు. ఆయన ముఖంలో అలాంటి రంగు నేనెప్పుడూ చూడలేదు.

"పూర్తిగానా? వేళ్లు కదుపుతున్నాడా?"

"అడగలేదండి."

"ప్లాస్టరు చీల్చావా?"

"చీల్చానండి," అన్నాను.

ఎందుకన్నానో మీకు వివరించక్కర్లేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. ఆ అబద్ధం నా నోట్లోంచి నా అనుమతి లేకుండానే వచ్చింది. ఆయన వెంటనే జీపెక్కారు. "కత్తెర తీసుకుని రా."

ఆ ఆరు మైళ్లూ భయపడుతూనే ఉన్నాను. నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను: ఆ భయం సింహాచలం చేతికోసం కాదు. ఇంకాసేపట్లో ఆ చీలిక లేని కట్టు ఆయన చూస్తారు. జీపుకి ఏదైనా అయితే బాగుండును, గెడ్డ దాటుతూ నీళ్లలో దిగబడితే బాగుండును, ఆయన్ని ఎవరైనా దారిలో ఆపితే బాగుండును అని ముక్కోటి దేవతలకూ మొక్కుకున్నాను. ఒక మనిషి చెయ్యి చచ్చిపోతుంటే నేను మొక్కుకున్న మొక్కు అది.

ఆ రోజుల్లో ఊళ్లోకి జీపు వస్తే జనం తలుపులు వేసుకునేవారు. కొండల వైపు గొడవలు, పోలీసుల రాకపోకలు. మేము దిగేసరికి వీధిలో పిట్ట లేదు. ఒక్క పైడమ్మ మాత్రం నన్ను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, బాబులే ఇంటికొచ్చినారు!" అని నవ్వుతూ చాప పరిచింది.

పెద్దడాక్టరుగారు చాప మీద కూర్చుని కట్టు చూశారు. పైనుంచి కిందికి ఒకసారి వేలితో రాశారు. చీలిక లేదు. తల తిప్పి నా వైపు చూశారు. ఒక్క క్షణమే. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. చెయ్యి చాపారు. కత్తెర ఇచ్చాను.

ప్లాస్టరు తెరుచుకుంది. అడుగున చర్మం బొబ్బలెక్కి ఉంది. ముంజెయ్యి నొక్కితే చెక్కలా తగిలింది. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. ఆయన నడిమివేలు పట్టుకుని చాపబోయారు. అది రాలేదు. సింహాచలం అరవలేదు కూడా. "తెలవడం నేదు బాబూ," అన్నాడు, ఎవరో పరాయివాడి చేతిని చూస్తున్నట్టు చూస్తూ. ఆ గదిలో ఎవరైనా అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

"నానేటైనా తప్పు సేసినానా బాబూ?" అని పైడమ్మ నన్నే అడిగింది. పెద్దడాక్టరుగారిని కాదు. నేను కత్తెర సంచిలో సర్దుకుంటున్నట్టు వంగాను.

"నీ తప్పు లేదమ్మా. తప్పు మాది," అన్నారు ఆయన. మర్యాదకు అన్నారని ఆమె అనుకుంది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆయన ఒక్కటే మాట అన్నారు. "ఎముక వంకరగా అతికితే మళ్లీ విరిచి అతికించుకోవచ్చు. చచ్చిన కండను ఎవడు బతికిస్తాడు?" ఆ కోసిన కట్టు డొల్లను ఆయనే తెచ్చి ప్లాస్టరు గదిలో మేకుకి తగిలించారు. నా ఉద్యోగం తియ్యలేదు. అబద్ధం గురించి ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. రోజూ పొద్దున్న తలుపు తీయగానే ఆ డొల్ల నాకేసి చూసేది.

బిగిసిన పిడికిలి

చచ్చిన కండ ఎండి కుంచించుకుపోతుంది. వేళ్లను తనవైపు లాక్కుని ఇక వదలదు. చెయ్యి వెనకవైపు ఉండే చాచే కండరాలు బాగానే ఉంటాయి, పాపం, కానీ వాటి బలం చాలదు. నెలలు గడిచేసరికి సింహాచలం కుడిచెయ్యి గద్ద కాలులా ముడుచుకుపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే నేను చేసిన వైద్యం.

ప్రతి సంత రోజూ వాళ్లిద్దరూ ఆసుపత్రికి వచ్చేవారు. వేడినీళ్లలో ముంచి వేళ్లు సాగదీసేవాణ్ణి. ఒకరోజు అతను తనంతట తాను కనిపెట్టిన విద్య నాకు చూపించాడు. మణికట్టు కిందికి వంచితే వేళ్లు కాస్త తెరుచుకుంటాయి. ఆ సందులో ఎడంచేత్తో ఉళి దూర్చి మణికట్టు పైకెత్తితే వేళ్లు దాన్ని కరిచి పట్టుకుంటాయి. అలా దుంగను మోటుగా తొలవగలడు. వీణ కొసన సింహంలాంటి యాళి ముఖం, కుండ మీద పూలు చెక్కే పని మాత్రం వేరేవాళ్లకు పోయింది.

"ఏదోలాగ పట్టుకుంటన్నాది బాబూ," అని నవ్వాడు. నేను తల వంచుకుని నీళ్లు మార్చడానికి పోయాను.

కోతల రోజుల్లో ఒక సంత నాడు పైడమ్మ ఒక్కతే వచ్చి, వెంటనే వెళ్లిపోవాలంటూ తొందరపడింది.

"మా సెల్లి కూతురు సింతసెట్టు మీంచి పడ్డాది బాబూ. మోసెయ్యి ఇరిగింది. నిన్న పట్నంలో కట్టేసి పంపినారు. రాత్రి నుంచీ నొప్పి నొప్పని ఒకటే గోల. కట్టు ఇప్పేస్తానని మా సెల్లి కత్తి కూడా తీసినాది. నాను ఊరుకుంటానేటి? బాబు సెప్పిన మాట సెప్పినాను. మా మావకి కట్టు ముట్టుకోనేదు కాబట్టే సెయ్యి దక్కినాది, నేకపోతే తీసేసుందురు అన్నాను. కాపలాకి మా అత్తని కూకోబెట్టి వొచ్చినాను."

నా మాట ఇంకా బతికే ఉంది. ఆరు మైళ్ల అవతల ఒక ఇంట్లో కూర్చుని ఒక పిల్ల చెయ్యి నులుముతోంది.

"వేళ్లు చల్లగా ఉన్నాయా?"

"సల్లగా, ఉబ్బి ఉన్నాయి. ఓర్సుకోయే గుంటా అని తిట్టి వొచ్చినాను."

పెద్దడాక్టరుగారు ఆపరేషను గదిలో ఉన్నారు. వేరే చోట కట్టిన కట్టు కోసే హక్కు డ్రెస్సరుకు లేదు. ఎముక జారితే, పిల్లకేమైనా అయితే, ఈసారి ఉద్యోగం ఖాయంగా పోతుంది. ఇదంతా తెలిసే కత్తెర సంచిలో వేసుకుని, పైడమ్మను సైకిలు వెనక ఎక్కించుకున్నాను. ఆ ఆరు మైళ్లూ ఒక్కటే మొక్కు: ఆ పిల్లకు ఇంకా నొప్పి ఉండాలి. తండ్రీ, నొప్పి ఉండాలి.

వీధి మలుపులోనే ఏడుపు వినిపించింది. అంత మంచి చప్పుడు నా జన్మలో వినలేదు.

పిల్లకు పదేళ్లుంటాయి. వేలు పట్టుకుని కాస్త చాపగానే ఇల్లదిరేలా అరిచింది. నిలువునా కోశాను. అడుగున దూదీ గుడ్డా ఒక్క దారం కూడా మిగలకుండా కోసి, రెండు వైపులా పెగల్చాను. వంచి ఉన్న మోచేతిని కొద్దిగా సడలించాను. ఊతకు ఏదైనా బద్ద కావాలని చుట్టూ చూస్తే, గుమ్మంలోంచి ఒక చెయ్యి వెదురు బద్ద అందించింది. అప్పన్న. నేను తీసుకున్నాను.

కాసేపటికి పాలిపోయిన గోళ్లు ఎర్రబడ్డాయి. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది. ఇంకాసేపటికి పిల్ల తనంతట తానే చిటికెనవేలు మడిచింది. చాచింది. మళ్లీ మడిచింది.

పైడమ్మ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఆ వేలినే చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"మా మావకి కూడా ఇలగే కోస్తే సరిపోయీదా బాబూ?"

"సరిపోయేదమ్మా."

"ఆ దినమేనా?"

"ఆ దినమే. పెద్దడాక్టరుగారు చీల్చమన్నారు. నేనే చీల్చలేదు."

తిడుతుందనుకున్నాను. అప్పన్నను తిట్టిన నోరది. ఆమె గొంతు పెంచలేదు. పిల్ల జుట్టు సవరిస్తూ అంది:

"నాను సెప్పినాను కద బాబూ, నొప్పెడతన్నాదని. నడిసొచ్చి సెప్పినాను."

చెప్పింది. ఎండలో ఆరు మైళ్లు నడిచొచ్చి చెప్పింది. నేను బిళ్లలిచ్చి పంపాను.